పందొమ్మిది రోజుల సభ్యురాలు

శాసనసభ గ్రంథాలయంలో బైండింగు గదికి దారి అడిగితే ఎవరూ నోటితో చెప్పరు. ముక్కు ఎటు లాగితే అటు పొమ్మంటారు. మెట్ల కింద ఉన్న ఆ గదినుంచి ఉడికించిన పిండి, అందులో కలిపిన మైలుతుత్తం వాసన ఎన్నో ఏళ్లుగా వస్తూనే ఉంది. కొత్తగా గెలిచిన సభ్యులు అటు వెళ్లేటప్పుడు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంటారు. రెండోసారి గెలిచినవాళ్లు పెట్టుకోరు. ఓడిపోయినవాళ్లు ఎప్పుడైనా పాత పుస్తకం వంకతో వచ్చి, గుమ్మంలో ఒక నిమిషం నిలబడి, "అంతా అలాగే ఉందమ్మా," అని వెళ్లిపోతారు.

ఆ మంగళవారం ఉదయం బైండరమ్మ గిన్నెలో జిగురు కలుపుతోంది. ముప్పై మూడేళ్ల కిందట మామగారి దగ్గర సహాయకురాలిగా చేరి, ఆయన తరువాత ఆ కుర్చీలోనే కూర్చుంది. కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద ఆయన పెట్టిన అట్టముక్కను ఆమె ఈరోజుకీ తీయలేదు.

బల్లమీద మూడో సభ సంతకాల పుస్తకం ఉంది. ఎన్నికల్లో గెలిచిన ప్రతివాళ్లూ ప్రమాణం చేసి ఆ పుస్తకంలో సంతకం పెట్టాలి. పెట్టాకే సభ్యులు. సభకు డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయని, ఇప్పటిదాకా వచ్చిన సభలన్నిటి సంతకాల పుస్తకాలనూ విప్పి, శుభ్రం చేసి, మళ్లీ కుట్టే పని ఆమెకు అప్పగించారు. 

మెట్లమీద చెప్పుల చప్పుడైంది. కామాల సారు దిగి వచ్చాడు. గ్రంథాలయ సూపరింటెండెంటు. ఎవరేం రాసి చూపించినా మాట మార్చడు, కామాలు మాత్రం పెడతాడు, అందుకని ఆ పేరు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే కాగితం మీద లేనిది లోకంలోనే లేదనుకుంటాడు.

"ఏమ్మా, మూడో సభ విప్పావా?"

"ఇవాళే మొదలుపెట్టాను సార్. కుట్టు బాగా వదులైపోయింది."

"శుక్రవారం సాయంత్రానికి మన 'సభ్యుల చరిత్ర' అచ్చుకు పోవాలి. ఏ సభలో ఎవరు, ఎక్కణ్ణుంచి, ఎన్ని ఓట్లతో, ఎన్నాళ్లు. నాలుగో ముద్రణ. ఇందులోనైనా తప్పులు రాకూడదు." వెళ్లబోయి ఆగి, గొంతు తగ్గించాడు. "నువ్వెవరితోనూ అనకు. ఉత్సవాల్లో సన్మానానికి నీ పేరు పంపాం. ముప్పై మూడేళ్ల సర్వీసు, ఒక్క మెమో లేదు. పైన హాల్లో మీ మామగారి ఫోటో పక్కన నీది పెడతారట."

"నా మొహానికి ఫోటో ఏంటి సార్," అందామె. లోపల మాత్రం పాలు పొంగినట్టయింది. పై హాల్లో మామగారి ఫోటో కింద 'ఈ గ్రంథాలయంలోని ప్రతి పుస్తకాన్నీ చేత్తో తడిమి గుర్తుపట్టిన మనిషి' అని రాసి ఉంటుంది. దాని పక్కన తనది. ఆ రోజుకు ఏ చీర కట్టుకోవాలో కూడా ఆ అరనిమిషంలో అనుకుంది.

ఆయన పైకెళ్లిన గంటకు గుమ్మంలో ఒక ముసలాయన నిలబడ్డాడు. మెడలో కొలత టేపు వేలాడుతోంది, తీయడం మరిచిపోయి వచ్చేసినట్టున్నాడు. దర్జీ. బైండరమ్మ గుర్తుపట్టింది. 'సభ్యుల చరిత్ర' ముద్రణ కొత్తగా వస్తోందంటే చాలు, పదేళ్లకోసారి ఈయన వస్తాడు. మొదటిసారి చూసినప్పుడు మీసం నల్లగా ఉండేది.

"లోపలికి రావచ్చా తల్లీ? పైన మిమ్మల్ని అడగమన్నారు."

"ఎవరన్నారు బాబాయిగారూ?"

"ఆ కామాల సారే. 'పుస్తకం కింద విప్పి పెట్టారు, లేని సంతకాన్ని ఇక్కడెందుకు వెతకడం, అక్కడే వెతుక్కోండి' అన్నాడు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆయనకూ వచ్చింది. స్టూలు లాగి కూర్చోబెట్టింది.

దర్జీ చొక్కా జేబులోంచి మడత పెట్టిన పత్రిక ముక్క తీశాడు. మడతల దగ్గర చిరిగితే సన్నటి బట్ట వేసి వెనకనుంచి అతికించాడు, దర్జీ పని ఎక్కడికి పోతుంది. ఆమె చదివింది. ఏటి అవతలి ఒడ్డు నియోజకవర్గంలో సభ్యుడు పోయాడు. ఉప ఎన్నిక వచ్చింది. రేవులో పడవ నడిపే ఆవిడ, ఇద్దరు మగవాళ్లమీద, పదకొండువందల ఓట్ల తేడాతో గెలిచింది. 

"మా అమ్మ," అన్నాడు దర్జీ, ప్రతిసారీ అన్నట్టే. "వంతెన కావాలని నిలబడింది. నవ్వారు జనం. పడవామె వంతెన అడగడమేంటి, తన పొట్ట తనే కొట్టుకుంటుందా అని. ఆ మాటకే ఓట్లు వేశారు. సభ అప్పుడు జరగడం లేదు, అందుకని సభాపతిగారి గదిలో ప్రమాణం చేయించారు. నాకు పదకొండేళ్లు. నన్ను వరండాలో కూర్చోమన్నారు. ఇరవయ్యో రోజుకి సభే రద్దయిపోయింది. మళ్లీ ఎన్నికలకి అమ్మ నిలబడలేదు."

'సభ్యుల చరిత్ర' లో ఆ వరసలో మాత్రం మూడు ముద్రణలుగా ఒకటే మాట ఉంది. ఖాళీ.

"గెలిచిందని కాగితం ఉంది కదా," అంది బైండరమ్మ, జవాబు తెలిసినా.

"గెలుపు ప్రజలిచ్చేదట, సభ్యత్వం సంతకం ఇచ్చేదట. పైన చెప్పారు. ముప్పై ఏళ్లుగా అదే చెప్తున్నారు, పాపం మాట మార్చరు."

ఆమె పుస్తకాన్ని ఆయనవైపు తిప్పి ఒక్కో పుట తిరగేసింది. ఆమెకు ఇదంతా తెలిసిన ఊరు. పచ్చ సిరాతో తప్ప సంతకం పెట్టని వకీలు. వరసగా మూడు సభల్లో మూడు పార్టీలనుంచి గెలిచిన గోడమీద పిల్లి, గెలిచినప్పుడల్లా సంతకం ఒక వేలెడు పొడుగయ్యేది. చెయ్యి వణికే స్కూలు మాస్టారు, ఆయన రెండు ఓట్ల తేడాతో గెలిచాడు, ఆ రెండూ తోడల్లుడిదీ ఆయన భార్యదీ అని సభలో అందరూ ఏడిపించేవారట. ఆ రోజుల్లో సభ్యులు గ్రంథాలయానికి నడిచి వచ్చేవారనీ, మెట్లమీద కూర్చుని పత్రిక చదివేవారనీ మామగారు చెబుతుండేవారు. ఆమె చేరేసరికే కార్లొచ్చేశాయి. అయినా ఆ మెట్లు చూసినప్పుడల్లా తను చూడని ఆ రోజులమీద బెంగగా ఉంటుంది.

ఆ ఏడాది సభ్యులు పోవడాలు, రాజీనామాలు, ఉప ఎన్నికలు ఎక్కువై గీతలు కొట్టిన పుటలన్నీ నిండిపోయాయి. చివరి పుట చివరి గీతమీద ఎవరిదో సంతకం. అది పడవామెది కాదు.

"లేదు బాబాయిగారూ."

దర్జీ టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. "అచ్చులో వెయ్యకపోతే పోనీ తల్లీ. అది నాకంత పట్టింపు లేదు. సంతకం పెట్టిందా, పెట్టలేదా, అదొక్కటీ తెలిస్తే చాలు నాకు."

పేరు కోసం ముప్పై ఏళ్లు తిరిగిన మనిషి పేరు అక్కర్లేదంటాడేమిటో ఆమెకు అర్థం కాలేదు. 

"శుక్రవారం మళ్లీ వస్తాను," అని లేచాడు. "నిజం నిలకడమీద తెలుస్తుందంటారు. నిలకడ నాకుంది గానీ, మోకాళ్లకి లేదు."

*

బుధవారం వెనక అట్ట విప్పింది. 

అట్టకు లోపలివైపు అతికించే కాగితం మామగారు ఎప్పుడూ నీలంది వేసేవారు. అది ఆయన ముద్ర. ఈ పుస్తకానికి ముందు అట్టలో నీలం కాగితమే ఉంది. వెనక అట్టలో మాత్రం తెల్లది. నీలం కాగితం నిండుకుంటే స్టోర్సువాళ్లు నెలల తరబడి పంపని రోజులు ఆమెకు గుర్తున్నాయి. అప్పుడు పుస్తకం చివర ఉత్త కాగితం మిగిలితే దాన్నే అట్టకు అతికించేవారు. బైండర్లంతా చేసే పనే.

కానీ ఈ కాగితం కింద ఏదో నీడ ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వాలుగా పట్టి చూసింది. సిరా నీడే.

దూది తడిపి ఆ నీడ చివర ఒక చుక్క అద్ది చూసింది. సిరా కదల్లేదు, పాతకాలపు సిరా గట్టిది. తడి గుడ్డ పరిచి, జిగురు నానేదాకా పావుగంట కూర్చుంది. తరువాత సన్న కత్తిని అట్టకూ కాగితానికీ మధ్య దూర్చి, పసిపిల్ల ఒంటికి అంటుకున్న గుడ్డను తీసినంత మెల్లగా లాగింది. అర అంగుళం, మళ్లీ తడి, మళ్లీ అర అంగుళం. మధ్యాహ్నం భోజనం గంట కొట్టినా లేవలేదు. కాగితం ఊడి వచ్చి బల్లమీద వెల్లకిలా పడింది.

అట్టకు అతుక్కున్న వైపు, గీతలు లేని ఆ తెల్ల కాగితం మధ్యలో ఒకే ఒక్క సంతకం. అయిదు అక్షరాలు. ఒకదానికొకటి ఎడంగా, ఒకటి పైకి, ఒకటి కిందికి, చివరిది పక్కకి ఒరిగి ఉన్నాయి. కలం గట్టిగా నొక్కడంతో రెండుచోట్ల కాగితం గీరుకుపోయింది. దాని కింద ఎవరో అధికారి చీమతలంత అక్షరాలతో నియోజకవర్గం పేరు, తేదీ వేసి ఉన్నాడు. సభ రద్దు కావడానికి పందొమ్మిది రోజుల ముందు తేదీ.

 గీతల పుటలు నిండిపోయాయి గనుక పడవామె చేత చివరి ఉత్త కాగితంమీద సంతకం పెట్టించారు. పెట్టింది. పెట్టిన సంతకాన్ని అట్టలోపల పెట్టి అతికించేశారు మామగారు. ఆ తరువాతే 'సభ్యుల చరిత్ర' మొదటి ముద్రణ వచ్చింది. దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది.

సంతోషం వచ్చినంత వేగంగానూ భయం వచ్చింది. మామగారికి చదవడం రాదు.

ఈ సంగతి తనకొక్కదానికే తెలుసని ఆమె నమ్మకం. వేల పుస్తకాలు కుట్టిన మనిషి ఒక్క వాక్యం చదవలేదు. బరువునుబట్టి, అట్ట నునుపునుబట్టి ఏ పుస్తకమో చెప్పేవారు. అందరూ అదేదో విద్య అనుకున్నారు. ఆమె వచ్చాక ఆయనకు కళ్లొచ్చాయి. పుస్తకంలో విడి కాగితం గానీ, అనుమానమున్న కాగితం గానీ దొరికితే, "అమ్మాయ్, ఇది కావలసిందా, పారేసేదా?" అని అడిగేవారు. ఆమె చెప్పాక, మళ్లీ అడగకుండా గుర్తుకోసం కింద మూల పెన్సిలుతో చిన్న సున్న చుట్టేవారు. ఆ సున్నలు చుట్టేటప్పుడు ఆయన నాలుక కొంచెం బయటికి వచ్చేది.

ఈ ఒక్క కాగితం అడిగి ఉండరు. పుస్తకాల చివర కాగితాలమీద కలం పారుతుందో లేదో చూడటానికి గీకడం గుమాస్తాలకు అలవాటు. ఆ వంకర అక్షరాలు చూసి అలాంటి గీతలే అనుకుని ఉంటారు. ఇది బయటపెడితే ఆయనకు చదువు రాదన్నదీ బయటపడుతుంది. పై హాల్లో ఫోటో కింద రాసిన మాట ఎగతాళి అయిపోతుంది. పోయినవాళ్లు వచ్చి జవాబు చెప్పుకోలేరు కదా.

"ఎంతవరకూ వచ్చిందమ్మా?" మెట్లమీదనుంచి కామాల సారు.

ఆమె చప్పున కాగితాన్ని రెండు అద్దుడు కాగితాల మధ్య పెట్టి, పైన ఇనుప దిమ్మ ఉంచింది. "ఆరబెట్టాను సార్," అంది. అది అబద్ధం కాదు. నిజమూ కాదు.

*

ఆమె భర్త బస్సుల డిపోలో మెకానిక్కు. సాయంత్రం ఇంటికి రాగానే చేతులకు కిరసనాయిలు రాసుకుని పెరట్లో కడుక్కుంటాడు. ఆమె చెంబుతో నీళ్లు పోస్తూ అంతా చెప్పింది. మామగారికి చదువు రాదన్న ముక్క దగ్గరికొచ్చేసరికి చెంబు ఆగిపోయింది.

"నీళ్లు పొయ్యి, సబ్బు నురగ ఆరిపోతోంది," అన్నాడు భర్త. "నాన్నకి చదువు రాదని నాకు తెలీదనుకున్నావా?"

"మీకు తెలుసా?"

"స్కూల్లో నా మార్కుల కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని, 'బాగానే వచ్చాయి, ఇంకా కష్టపడు' అనేవాడు. తప్పినప్పుడూ అదే మాట. నాకేం, హాయిగా ఉండేది." నవ్వుతూనే మొహం కడుక్కున్నాడు. కడుక్కోవడం కొంచెం ఎక్కువసేపే పట్టింది. "నువ్వు బాధపడతావని నేను చెప్పలేదు. నేను బాధపడతానని నువ్వు చెప్పలేదు. బావుంది సంసారం."

"ఇప్పుడేం చెయ్యమంటారు?"

"ఏముంది చెయ్యడానికి? నాన్న తప్పేనని చెప్పెయ్. ఆయనుంటే ఆయనే చెప్పేవాడు. ఫోటో తీసేస్తే తీసేస్తారు, ఇంటికి తెచ్చుకుందాం. గోడమీద మేకులున్నాయి. ఆ ముసలాయన ముప్పై ఏళ్లుగా తిరుగుతున్నాడంటున్నావు, ఆయన మొహం చూడు ముందు."

తువ్వాలు అందిస్తుంటే ఆమె గుండెమీదనుంచి బండ దించినట్టయింది. నిజమే, చెప్పేస్తే సరి. తప్పు మామగారిది, ఆయన తెలియక చేసింది, ఆయన కొడుకే చెప్పెయ్యమన్నాడు. ఆ రాత్రి చాలా రోజుల తరువాత తలగడమీద తల పెట్టగానే నిద్ర పట్టింది.

*

గురువారం ఉదయం దిమ్మ తీసింది. కాగితం ఆరి, పెళపెళలాడుతూ చదునుగా ఉంది. మూలల్లో మాత్రం పాత జిగురూ, అట్ట పొట్టూ అంటుకుని ఉన్నాయి. కత్తి వెనకవైపుతో ఒక్కో మూలా గీకింది. కింద కుడి మూల పొట్టు రాలగానే ఆమె చెయ్యి ఆగిపోయింది.

చిన్న సున్న. పెన్సిలుతో చుట్టింది. 

 అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడో అడుగున ఉన్న రోజు పైకి తేలినట్టు మొత్తం గుర్తొచ్చింది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, పాత సంతకాల పుస్తకాలకు కొత్త అట్టలు వేస్తున్న రోజులు. మోచేతులదాకా జిగురు. పైనుంచి ఎవరో కేకేస్తున్నారు, ఆమె హడావిడిగా ఉంది. మామగారు ఈ బల్ల అవతలినుంచి పుస్తకం ఎత్తి చూపించి, "అమ్మాయ్, ఈ చివరి కాగితం మీద ఏదో ఉంది, ఒకసారి చూడు," అన్నారు. ఆమె ఉన్నచోటునుంచే తల తిప్పి, "ఏదో కలం గీతలు మామయ్యా, అతికించెయ్యండి," అంది. ఆయన రెండోసారి కూడా అడిగారు. "సరిగ్గా చూశావా?" అని. "చూశానండీ," అంది.

చూడలేదు. చదువు రాని మనిషికి అనుమానం వచ్చింది. చదువు వచ్చిన తనకు రాలేదు. ఆయన ఆమెను నమ్మి, నాలుక బయటపెట్టి, సున్న చుట్టి, అతికించారు.

నిన్నటినుంచీ మామగారి పరువు కాపాడుతున్నానని తెగ మథనపడింది కదా. ఆమెకు తనమీద తనకే అసహ్యం వేసింది.

బల్ల సొరుగులో రబ్బరు ఉంది. అది కూడా ఆయన వాడిందే, అరిగి చింతగింజంత అయింది. ఆమె దాన్ని తీసి చేతిలో పట్టుకుంది. పెన్సిలు గీత ఎంతసేపు, రెండు రుద్దులు. సున్న పోతుంది. పడవామె పేరు అచ్చులోకి వెళుతుంది. మామగారి తప్పని ఇంటివాళ్లే ఒప్పుకున్నారు. ముప్పై మూడేళ్లలో ఒక్క మెమో లేదు. ఫోటో పెడతారు. దర్జీకి కావలసింది సంతకం గానీ సున్న కాదు. ఎవరికీ నష్టం లేదు.

రబ్బరు సున్నమీద ఆనించింది కూడా. ఆ సున్న అంత గుండ్రంగా ఏమీ లేదు, ఒకపక్క కొంచెం తెరుచుకుని ఉంది. చదువు రాని చెయ్యి గీసిన సున్న. దాని పైన చదువు రాని చేతివే అయిదు అక్షరాలు. ఒక్క కాగితంమీద ఇద్దరూ తమకు చేతనైనంతా చేసి పెట్టారు. చేతనై చెయ్యనిది తనొక్కతే.

రబ్బరు సొరుగులో పడేసి, కాగితం అట్టమీద పెట్టుకుని మెట్లెక్కింది.

కామాల సారు కాగితం చూసి లేచి నిలబడ్డాడు. కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. తేదీ చదివాడు, మళ్లీ చదివాడు. "రెండువందల పన్నెండో పుట," అన్నాడు గాలి పీల్చుకుంటూ. "ఖాళీ అని మూడుసార్లు అచ్చేశాం. నేనే ఒకసారి దిద్దాను." కుర్చీలో కూలబడ్డాడు. ఆ ముసలాయనతో తనన్న మాట గుర్తొచ్చిందో ఏమో, చెవులు ఎర్రబడ్డాయి. తరువాత ఆయనలోని ఫైలు మనిషి నిద్రలేచాడు. "ఇది ఎలా జరిగిందో ఒక వివరణ ఉండాలమ్మా. మీ మామగారి రోజుల్లోది కదా. పాపం పెద్దాయన పొరపాటున అతికించి ఉంటారు. అలా రాసేద్దాం. పోయినాయన మీద ఎవరూ చర్య తీసుకోరు, నీకూ మాట రాదు."

"కాదు సార్. ఆయన నన్ను అడిగారు. నేను చూడకుండానే చూశానని చెప్పాను." సున్న చూపించింది, దాని సంగతి చెప్పింది. మామగారికి చదువు రాదన్నదీ చెప్పింది. చెబుతుంటే అది పెద్ద రహస్యంగా అనిపించలేదు. ఆయనకు ఎత్తు తక్కువ అని చెప్పినట్టే ఉంది.

కామాల సారు కలం తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు రాసిస్తే నేను మెమో ఇవ్వాలి. అది సర్వీసు పుస్తకంలో ఎక్కుతుంది. సన్మానం..."

"ఆ జాబితాలోంచి పేరు తీసెయ్యండి సార్. తెల్ల కాగితం ఇవ్వండి, ఇక్కడే రాస్తాను."

ఆరు వాక్యాలు రాసింది. ఆయన చదివాడు. అలవాటుగా కలం మూత తీశాడు గానీ, ఎక్కడా కామా పెట్టకుండానే మూత పెట్టేశాడు.

*

శుక్రవారం దర్జీ వచ్చేసరికి ఆమె కాగితాన్ని బల్లమీద శుభ్రమైన గుడ్డ పరిచి దానిమీద ఉంచింది. స్టూలు దగ్గరికి జరిపింది. ఏం చెప్పాలో రాత్రంతా కూర్చుకుంది గానీ, ఆయన్ని చూడగానే అన్నీ మరిచిపోయి, "చూడండి బాబాయిగారూ," అంది అంతే.

ఆయన వంగాడు. మెడలోని టేపు కాగితంమీద పడబోతే చేత్తో వెనక్కి తోశాడు. చూశాడు. ముట్టుకోలేదు. పెదవులు కదిలాయి, ఒక్కో అక్షరం దగ్గరా ఆగి. అయిదోదాని దగ్గర చాలాసేపు ఆగాయి. 

"పెట్టింది," అన్నాడు.

"పెట్టారు. నిన్ననే పుట మార్చారు. పేరు, ఓట్లు, పందొమ్మిది రోజులు, అన్నీ వేశారు." అక్కడితో ఆగిపోవచ్చు. ఆగలేదు. "ఇన్నాళ్లూ ఇది కనపడకపోవడం నావల్లే బాబాయిగారూ. ముప్పై మూడేళ్ల కిందట మా మామగారు చూడమంటే, దూరంనుంచి చూసి కలం గీతలని చెప్పాను. ఆయన అతికించేశారు. మీ తిరుగుడంతా నావల్లే."

ఆయన తిట్టినా పడదామనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

దర్జీ స్టూలుమీద కూర్చున్నాడు. టేపు మెడలోంచి తీసి, చుట్ట చుట్టడం మొదలుపెట్టాడు. "గీతలనే అన్నారు కదా మీరు," అన్నాడు. "నేను కోడి గెలికినట్టుందన్నాను."

ఆమెకు అర్థం కాలేదు.

"మా అమ్మకి అక్షరం ముక్క రాదు తల్లీ. గెలిచాక, వేలిముద్ర వెయ్యొచ్చని అందరూ చెప్పారు. వెయ్యనంది. వేలిముద్ర వేసి వంతెన అడిగితే ఎవరిస్తార్రా అంది. నా పలకమీద నా చేతే రాయించుకుని, పడవలో కూర్చుని దిద్దుకునేది. నాకు మహా గొప్పగా ఉండేది, అమ్మకి నేను మాస్టార్నని. ఆ రోజు పొద్దున్న వరండాలో ఆఖరిసారి రాసి చూపించింది. బావుందా అంది. కోడి గెలికినట్టుంది, దీనికన్నా వేలిముద్రే నయం అన్నాను. పదకొండేళ్లవాణ్ణి, నవ్వేశాను. అమ్మ నవ్వలేదు. పలక నా చేతికిచ్చి లోపలికెళ్లింది." చుట్టిన టేపు జారి మళ్లీ విడిపోయింది. ఆయన చూసుకోలేదు. "బయటికొచ్చాక అడగాలని ఉండేది, సంతకం పెట్టావా అమ్మా అని. భయమేసి అడగలేదు. అడగకుండానే పోయింది. మొదటి పుస్తకంలో ఖాళీ అని చూసినరోజు ఇక అనుమానమే లేదనుకున్నాను. నా మాటకే సిగ్గుపడి వెనక్కొచ్చేసిందనుకున్నాను. పేరు కోసం తిరిగానా నేను? కాదని ఎవరైనా చెప్తారేమోనని తిరిగాను."

బైండరమ్మ కళ్లనీళ్లు కాగితంమీద పడతాయేమోనని వెనక్కి జరిగింది.

"మీరూ గీతలన్నారు, నేనూ గీతలన్నాను," అన్నాడు దర్జీ. "తిలాపాపం తలా పిడికెడు. వదిలెయ్యండి."

ఆయన పుస్తకంవైపు చూశాడు. వీపు ఊడి, కట్టలు కట్టలుగా ఉంది. చేతిపని తెలిసినవాడు గనుక చెయ్యి ఊరుకోలేదు, ఒక కట్ట మడత దగ్గర వేలితో తడిమి, "ఇక్కడ దారం రెండు పేటలు వెయ్యాలి తల్లీ, లాగుడు పడేది ఇక్కడే," అన్నాడు.

"వేస్తాను బాబాయిగారూ. ఈ కాగితాన్ని చివరి కట్టలోనే కలిపి కుడతాను. ఇక అట్టకి అంటదు."

"నేను పట్టుకోనా?"

ఆమె సూదికి దారం ఎక్కించి ఇచ్చింది. ఆయన వద్దని, కాగితం అంచు రెండుచేతుల్తో పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. "అమ్మ కాగితం, కుట్టు మీది," అన్నాడు. మూల ఉన్న సున్న చూసి ఇదేంటని అడిగాడు. మా మామగారిది అని చెప్పి, ఆమె మొదటి కుట్టు వేసింది.

పక్కన, వెనక అట్టకు అతికించడానికి నీలం కాగితం సిద్ధంగా కత్తిరించి ఉంది.